చైత్రమాసపు రెండు లెక్కలు



2025 ఉగాది గడిచిన వారంలో ఒక శాఖా సమావేశానికి హాజరైనాను. ఎజెండాలో రెండు తీర్మానాలున్నాయి. మొదటిది, మార్చి 28న కేంద్ర మంత్రివర్గం ప్రకటించిన 2 శాతం కరువు భత్యం మన కష్టాన్ని అపహసించడమేనని ఖండించేది. అది చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. రెండవది, పంటల మద్దతు ధరకు చట్టబద్ధమైన హామీ కావాలన్న రైతుల కోర్కెను బలపరిచేది. అది చదవడం ముగిసీ ముగియకముందే ఒక సీనియర్ సభ్యుడు లేచాడు. “రైతుకు ధర పెంచమని మనమే తీర్మానించి, రేపు పప్పు, ఉప్పు, కారం ధరలు పెరిగితే ఎవరిని అడుగుతాము? ఇది మన నెత్తిన మనమే భస్మాసుర హస్తం పెట్టుకోవడం కాదా?” అన్నాడు. హాలులో సగం తలలు అవునన్నట్లు ఊగాయి. తీర్మానం వాయిదా పడింది.

ఆ సభ్యుడు యూనియన్‌కు వెన్నుపోటు పొడిచే మనిషి కాడు. సమ్మె నాడు గేటు ముందు మొదట నిలిచేవాడు, చందా ఏనాడూ బాకీ పడనివాడు. అందుకే ఆయన మాటకు జవాబు చెప్పవలసి ఉన్నది. పాలకులు అన్న మాటైతే దులిపివేయవచ్చును. మనవాడే నమ్మి అన్నప్పుడు అది మన ఇంటిలో పాకిన చెద.

ఆ సమావేశానికి నేను మా ఊరి నుండి నేరుగా వచ్చాను. గుంటూరు–మాచర్ల లైనుకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరిలో మా తమ్ముడు మూడెకరాలలో మిరప వేస్తున్నాడు. ఒక ఎకరం అతనిది, ఒక ఎకరం నాది, ఒక ఎకరం కౌలుది. ఉగాదికి ఇంటికి వెళ్లినవాడిని నాలుగు రోజులు కళ్లంలోనే గడిపాను.

ఉగాది ఉదయాన టెలివిజన్‌లో కవి సమ్మేళనం జరుగుతుంటుంది. కోకిలలు కూస్తాయి, మావి చిగుళ్లు తొడుగుతాయి. మా ఊరిలోనూ కోకిల కూసింది, కాదనను. వేపపూత రాలి పందిరి గుంజల చుట్టూ తెల్లగా పరుచుకున్నది. అయితే చిన్న రైతు కుటుంబానికి చైత్రం పూతల మాసం కాదు, తీర్పుల మాసం. పది నెలల కష్టం కాయల రూపంలో నేల మీద ఎర్రగా పరచి ఉంటుంది. రెండు వారాలు ఎండాలి. ఎండినన్నాళ్లు తిరగవేయాలి. సాయంకాలం కుప్ప చేసి కప్పాలి, తెల్లవారి మళ్లీ నెరపాలి. ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకొని తాలు కాయలు ఏరుతుంటారు. ఆ ఘాటుకు దగ్గు ఆగదు. రాత్రి పడమట మెరిసిందంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. నేనున్న రెండవ రాత్రి మెరుపుకు అందరమూ పట్టాల కోసం పరుగెత్తాము. పట్టా అన్న ఒక్క మాటకు మన తెలుగులో ఎన్ని అర్థాలో! నాకు పట్టాలంటే రైలు పట్టాలు. తమ్మునికి పట్టాలంటే కళ్లం మీద కప్పే టార్పాలిన్లు. కౌలు రైతుకు పట్టా అంటే తన పేరిట ఎన్నడూ రాని కాగితం. చివరకు నాలుగు చినుకులే పడ్డాయి. కాయ దక్కింది, కాని ధర దక్కలేదు.

లెక్క వినండి. విత్తనం, దుక్కి, ఎరువు, పురుగుమందు, నీరు, కోత కూలి కలిపి ఎకరానికి 1,70,000 రూపాయలు. నల్ల తామర పురుగు 2021–22లో మన రెండు రాష్ట్రాల మిరపను ఊడ్చిపెట్టిన నాటి నుండి మందుల ఖర్చుకు హద్దు లేకుండా పోయింది. మూడెకరాలకు 5,10,000. కౌలు ఎకరానికి మరొక 35,000. మొత్తం 5,45,000. దిగుబడి 51 క్వింటాళ్లు. కళ్లంలోకే వచ్చిన వ్యాపారి టిక్కీకి రెండు కిలోల తరుగు తీసి, సగటున క్వింటాలుకు 10,200 కట్టాడు. తరుగు లెక్కించకపోయినా వచ్చినది 5,20,200. పోయినది 24,800. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు పది నెలలు చేసిన చాకిరీకి ఈ పద్దులో గడి కూడా లేదు. 2023 వసంతంలో మేలురకం కాయకు క్వింటాలు 20,000 పైన పలికిన పంట ఇది.

యార్డుకు ఎందుకు తీసుకుపోలేదని అడిగాను. పెట్టుబడి ఇచ్చినవాడు వచ్చి కళ్లంలో కూర్చున్నప్పుడు యార్డు దారి ఎక్కడిది అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. వాడికే అమ్మాలన్నది నోటి ఒప్పందం. ధరలు కూలినప్పుడు కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం క్రింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి, 2,58,000 టన్నుల వరకు పరిమితి విధించింది. కళ్లంలో అమ్ముకున్నవాడి చేతిలో యార్డు చీటీ ఉండదు. చీటీ లేనివాడికి ఆ ప్రకటన పత్రికలో చదువుకొనే వార్త మాత్రమే.

ఇంకొక సంగతి తపాలా సోదరులకు చెప్పనక్కరలేదు. నేను ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటుగా చేరినవాడిని. మార్చి మాసం వచ్చిందంటే పల్లె సంచులలో రసీదు కాగితం కుట్టిన పొడుగు కవర్లు పెరిగేవి. ఆర్థిక సంవత్సరం ముగింపు, బ్యాంకుల బాకీ నోటీసులు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసే వరకు పల్లెకు వసంతం ఆ కవర్లలోనే వచ్చేది. ఇప్పుడు కవరు పేరు మారింది, అంతే. ఆ కవరు అందించే గ్రామీణ డాక్ సేవక్ చేతిలో అదే బ్యాంకు నుండి తన పేరిట వచ్చిన కవరు కూడా ఉండడం నేను కళ్లారా చూశాను. ముందు పొరుగువాడి చేత సంతకం చేయించుకొని, తరువాత తనది తాను చించుకున్నాడు.

ఇప్పుడు మన సభ్యుని ప్రశ్నకు వద్దాము. రైతు ధర పెరిగితే మన వంటింటి ఖర్చు పెరుగుతుంది అన్నది ఆయన వాదన. అదే నిజమైతే రైతు ధర పడిపోయినప్పుడు మన ఖర్చు తగ్గాలి కదా. 2023 నుండి 2025కు కళ్లంలో మిరప ధర సగానికి పడింది. మీ ఇంట కారం పొట్లం ధర సగమైనదా? మా ఇంట కాలేదు. ఇది మిరపతో ఆగదు. 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన పరిశోధనా పత్రాల ప్రకారం, వినియోగదారుడు వెచ్చించే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36 పైసలు, బంగాళాదుంపలో 37 పైసలు. రిజర్వు బ్యాంకు ఎర్రజెండా సంస్థ కాదు గదా! మిగిలిన మూడింట రెండు వంతులు దారిలో ఎవరెవరి జేబుల్లో పడుతున్నవో అడగకుండా, మూడవ వంతు దక్కిన మనిషి మీద వేలు చూపడం ఏమి న్యాయం?

రైల్వే సోదరులు ఒక దృష్టాంతం గుర్తు చేసుకోవాలి. 2020 జూలైలో, కరోనా కాలంలో రోడ్డు సరిహద్దులు మూసుకుపోయినప్పుడు, గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిరపతో ప్రత్యేక పార్శిల్ రైలు నడిచింది. 16 పార్శిల్ వ్యాన్లు, దాదాపు 384 టన్నుల సరకు. దేశం సరిహద్దు దాటి వెళ్లిన తొలి పార్శిల్ రైలుగా రైల్వే శాఖ దానిని కీర్తించింది. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలయ్యే రవాణా రైలులో 4,608కే అయిందని శాఖ స్వయంగా ప్రకటించింది. కరోనా కాలంలో ప్రాణాలకు తెగించి ఆ రైలును కదిలించింది మన డ్రైవర్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మెన్. టన్నుకు 2,392 రూపాయలు, అంటే క్వింటాలుకు 239 రూపాయలు ఆదా. ఆ 239లో కళ్లానికి ఎంత తిరిగి వచ్చింది? వంటింటికి ఎంత వచ్చింది? మన చెమట వలన మిగిలిన సొమ్ము కూడా మనకూ రైతుకూ నడుమ ఉన్నవారి ఖాతాలోనే జమ అవుతున్నదంటే, భస్మాసురుడు ఎవరో వెతకడం కష్టం కాదు.

కరువు భత్యం సంగతి చూద్దాము. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ పన్నెండు నెలల సగటు మీద మన భత్యం లెక్క కడతారు. 2001 ప్రాతిపదిక శ్రేణిలో ఆహారానికి 46.20గా ఉన్న తూకాన్ని, 2016 ప్రాతిపదిక శ్రేణిలో ఆహార పానీయాలకు 39.17గా తగ్గించారు. అనగా తిండి ధర పెరిగినా సూచీలో దాని ప్రతిబింబం పూర్వమంత కనబడదు. ఈ కోత కోసినది రైతు కాదు. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి – మూడు వాయిదాల భత్యాన్ని స్తంభింపజేసి, పద్దెనిమిది నెలల బకాయి ఎగవేసినది రైతు కాదు. 18,000 రూపాయల కనిష్ఠ మూలవేతనం మీద 2 శాతం, అంటే నెలకు 360 రూపాయలు విదిల్చి ఉగాది కానుక అని చాటింపు వేయించినదీ రైతు కాదు. మన మీద చెయ్యి చేసుకున్నవాడిని వదిలి, పక్కన దెబ్బలు తింటున్నవాడి మీదికి తిరగమని మనకు నేర్పుతున్నారు.

ఆ చెయ్యి మన పేరు చెప్పే రైతు మీద పడుతున్నది. 2022 మార్చి, 1901 నుండి నమోదైన మార్చి మాసాలలో అత్యంత ఉష్ణమైనది. ఉత్తరాదిన గోధుమ గింజ పాలు పట్టే వేళ వడగాలికి కుంగిపోయింది. పంట తగ్గినా, ప్రపంచ విపణిలో ధర పెరిగినందున నాలుగు డబ్బులు చూస్తామని రైతు ఆశపడ్డాడు. మే 13న ఎగుమతి నిషేధించారు. కారణం? వినియోగదారుల శ్రేయస్సు. 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతి నిషేధించారు. కారణం అదే. మన కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లుకొని, ఫాల్గుణ చైత్రాలలో పీక్కునే చిన్న రైతు ఉన్నాడు. 2021 మే మాసంలో మినుముల దిగుమతిపై ఆంక్షలు ఎత్తివేసి, ఆ సడలింపును మళ్లీ మళ్లీ పొడిగించారు. బర్మా మినుము ఓడలు దిగుతుంటే డెల్టా మినుము కళ్లంలో నిలబడి చూడాలి. ఇదంతా ఎవరి కొరకు? జీతగాళ్ల కొరకట! మన పేరున చేసే ఈ ధర్మకార్యాలకు మనమెన్నడైనా సంతకం చేశామా?

చేయలేదు. చరిత్ర తిరగేయండి. 1974 మే 8న మొదలైన మహత్తర రైల్వే సమ్మె నాటికి నేను పలక పట్టిన పిల్లవాడిని. అయినా ఆనాటి కోర్కెల పత్రం సంఘంలో చేరిన మొదటి సంవత్సరమే పెద్దలు నా చేత చదివించారు. బోనస్, ఎనిమిది గంటల పని, ధరల సూచీతో ముడిపడిన కరువు భత్యం – వీటితోపాటు తిండిగింజలు, నిత్యావసరాలు సబ్సిడీ ధరలకు శాఖాపరమైన దుకాణాల ద్వారా సరఫరా చేయాలన్న కోర్కె అందులో ఉన్నది. గమనించండి: రైతు నుండి చవకగా లాగి తెమ్మని వారు అడగలేదు. వ్యత్యాసాన్ని యజమాని, అనగా సర్కారు భరించాలన్నారు. ఇరవై దినాలు జైళ్లకు, బర్తరఫులకు ఓర్చి నిలిచిన ఆ తరానికి స్పష్టంగా ఉన్న తేడా, సెల్‌ఫోనులో ధరల పట్టిక చూచుకొనే మనకు మసకబారినది.

మన కోర్కెకూ వారి కోర్కెకూ స్వభావం ఒక్కటే. 1957లో 15వ భారత కార్మిక మహాసభ, కార్మికుని కుటుంబానికి ఎంత తిండి, ఎంత బట్ట, ఎంత నీడ అవసరమో లెక్కగట్టి, దాని మీద కనీస వేతనం నిర్ణయించాలన్నది. దశాబ్దాలుగా ప్రతి పే కమిషన్ ముందు మనం పెడుతున్నది ఆ లెక్కనే. రైతు అడుగుతున్నది కూడ అదే జాతి లెక్క. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్, ఉత్పత్తి ఖర్చు మీద కనీసం సగం అదనంగా మద్దతు ధర ఉండాలన్నది. భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిసిన పూర్తి ఖర్చు మీద కట్టండి అని రైతులంటున్నారు. చేతి నుండి పెట్టినదీ ఇంటివారి కూలీ మాత్రమే లెక్క వేస్తాము అని 2018 నుండి సర్కారు అంటున్నది. ఇంటి అద్దె, చదువు, వైద్యం తీసివేసి కనీస వేతనం కడతామంటే మనం ఒప్పుకుంటామా? ఆ తక్కువ లెక్క అయినా అందేది ఎందరికి? శాంతకుమార్ కమిటీ 2015లో చెప్పిన ప్రకారం, మద్దతు ధరకు సర్కారు సంస్థలకు అమ్ముకోగలిగినవారు రైతులలో 6 శాతమే. మిరపకైతే ఆ జాబితాలో చోటే లేదు.

“రైతు, మనం వేరు వేరు తరగతులు” అనే మేధావులున్నారు. 2018–19 జాతీయ నమూనా సర్వే చూడండి. దేశంలో సగటు వ్యవసాయ కుటుంబపు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చినది 3,798, కూలి జీతాల మీద వచ్చినది 4,063. పొలమున్న కుటుంబం పొలం కంటె కూలి మీద ఎక్కువ బ్రతుకుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాలలో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా అప్పులో ఉన్నాయి. వీరు మనకు వేరే తరగతి ఎట్లా అవుతారు?

తపాలా శాఖనే తీసుకోండి. గ్రామీణ డాక్ సేవక్‌గా చేరదలచినవాడు తనకు వేరే జీవనాధారం ఉన్నదని చూపాలన్నది శాఖ నిబంధన. రోజుకు నాలుగైదు గంటల పనికి భత్యం ఇచ్చి, మిగిలిన కడుపు నీ పొలం నింపుకుంటుందిలే అని శాఖ ముందే తీర్మానించుకున్నది. లక్షల మంది సేవకుల వేతనంలో కొంత భాగాన్ని వారి ఎకరం, రెండెకరాలు చెల్లిస్తున్నాయి. ఆ పొలం నష్టపోయిన సంవత్సరం శాఖ ఇచ్చేది జీతం కాదు, అర్ధాకలి. 2018 మే 22న వారు చేసిన నిరవధిక సమ్మె రెండు వారాలు సాగి, జూన్ 6న మంత్రివర్గం చేత భత్యం పెంపును ఆమోదింపజేసింది. ఆ శిబిరాలకు చెంబులతో మజ్జిగ, బుట్టలతో కూరగాయలు తెచ్చినవారు ఎవరో నేను నడిపిన మూడు శిబిరాల మటుకు చెప్పగలను – పక్క చేల రైతులు. 2020 నవంబరు 26న దేశవ్యాప్త సార్వత్రిక సమ్మె జరిగిన నాడే రైతుల ఢిల్లీ యాత్ర కూడా మొదలైనది. మరుసటి సంవత్సరం డిసెంబరులో వారు మూడు చట్టాలను రద్దు చేయించి ఇళ్లకు వెళ్లారు. ఆ ఏడాది వైశాఖికి సరిహద్దులలో కూర్చున్నవారి గోధుమను ఊరిలో మిగిలినవారు వంతులు వేసుకొని కోసిపెట్టారు. మనం సమ్మెలో ఉన్న సోదరుని ఇంటికి బియ్యం పంపినట్లే.

రైతు కూడా కూలీలకు యజమానే కదా, వారిని దోచడా అని మరొక ప్రశ్న రావచ్చును. అది న్యాయమైన ప్రశ్న. మా తమ్ముని చేలో కోతకు వచ్చినవారు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుండి పిల్లాపాపలతో వలస వచ్చినవారు. నంద్యాల మీదుగా వచ్చే బండ్లలో జనరల్ బోగీ తలుపు దగ్గర మూటల మీద కూర్చుండే వారిని మన టికెట్ సిబ్బంది ఎరుగుదురు. ధర పడిన సంవత్సరం రైతు మొదట కోసేది వారి కూలినే. మా తమ్ముడూ కోయబోయాడు, నేనున్నందున ఆగాడేమో. మోతుబరి రైతు మద్దతు ధర నినాదం వెనుక దాక్కొని కూలి ఎగవేస్తే, అక్కడ మన స్థానం కూలీల పక్షానే. కాని చిన్న కమతం మీద ధర నిలబడకుండా కూలి నిలబడదన్నది నేను ఆ నాలుగు రోజుల్లో చూచిన సత్యం. రెండు కోర్కెలూ కలిపే తీర్మానంలో వ్రాద్దాము.

ఇక నొచ్చుకున్నా సరే చెప్పవలసిన మాట. ఉగాది కౌళ్లు ఖరారయ్యే పండుగ కూడా. ఆ కౌలు పుచ్చుకునేవారిలో మనవారున్నారు. తండ్రి ఇచ్చిన రెండెకరాలను ఊరిలో ఎవరికో ఇచ్చి, పట్నంలో క్వార్టర్సులో ఉంటూ, ముందుగానే కౌలు రొక్కం తీసుకునేవారు ఈ బులెటిన్ పాఠకులలో కొద్దిమంది కారు. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని క్రింద పదకొండు నెలల హక్కు పత్రం ఉంటే కౌలుదారు బ్యాంకు రుణానికి, పంట నష్ట పరిహారానికి అర్హుడవుతాడు. అయితే పత్రానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టడానికి భూమి పోతుందేమోనని మనవారు జంకుతారు. భూమి మీద యాజమాన్య హక్కుకు ఏ భంగమూ లేదని చట్టమే చెబుతున్నా వినరు. తెలంగాణలోనూ 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే గాని కౌలుదారుకు దక్కలేదు. సంతకం లేని కౌలుదారు ఎక్కడికి పోతాడు? నూటికి రెండు రూపాయల వాడి దగ్గరికి. వాడు వచ్చి కళ్లంలో కూర్చుంటాడు. తక్కిన కథ పైన వ్రాసినదే.

మా తమ్ముడు కౌలుకు చేస్తున్న ఎకరం యజమాని ఒక ప్రభుత్వోద్యోగి. మూడేళ్లు అడిగినా సంతకం చేయలేదు. ఆయన మీద కోపం తెచ్చుకొని నాలుగు మాటలు అనబోయి ఆగాను. నా ఎకరానికీ పత్రం లేదు. నేనూ సంతకం చేయలేదు. అన్నను అడగడమేమని తమ్ముడు అడగలేదు, ముప్పై ఏళ్లు వేదికల మీద రైతు కార్మిక ఐక్యత గురించి ఉపన్యసించిన నాకు తోచలేదు. ఏప్రిల్‌లో మళ్లీ ఊరికి వెళ్లి ఆ పని చేసి వచ్చాను.

వాయిదా పడిన తీర్మానాన్ని తిరిగి చర్చకు పెట్టవలసిందిగా శాఖా కార్యదర్శికి వ్రాసి ఇచ్చాను. కోత కూలీల వేతనం గురించి ఒక వాక్యం చేర్చాను. సొంత ఊరిలో పొలం కౌలుకిచ్చిన సభ్యులు ఆ సమావేశానికి వచ్చేటప్పుడు, తాము సంతకం చేసిన సాగుదారు పత్రపు నకలు వెంట తెచ్చుకోవలెనని కూడా నోటీసులో వేయమన్నాను. నా నకలు ఈ ఉత్తరంతోపాటు కార్యాలయానికి పంపుతున్నాను.